బొమ్మ జెట్టుకు బీడు భూమి కావాలి
ఎగిరేది ఆకాశంలోనైనా అసలు పరీక్ష గడ్డి నేల మీదే

(మా గ్రామీణ విలేకరి)

పాల్వంచ: మన అడవి అంచు పల్లెల్లో ఆకాశాన మోత వినిపిస్తే జనం తలెత్తి చూసేది రెండు సందర్భాల్లోనే. మొదటిది, ఎంతో ఎత్తున తెల్లని చార గీసుకుంటూ పోయే పెద్ద విమానం. రెండవది, గోదావరి పొంగినప్పుడు వచ్చే హెలికాప్టరు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగుల నీరు చూసినవారికి ఆ రెండవ మోత అంత ఇష్టమైనది కాదు. ఇప్పుడు మూడో రకం మోత గురించి మన కుర్రకారు మాట్లాడుకుంటున్నారు. అది బొమ్మ జెట్టు విమానం మోత.

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే దారికి లోపలగా, అడవిని ఆనుకుని ఉన్న ఒక పల్లెలో ఈ విలేకరి మొన్న టీ కొట్టు దగ్గర కూర్చుని ఉండగా, ఇంటర్మీడియెట్, డిప్లొమా చదివే నలుగురు యువకులు సెల్‌ఫోనులో ఒక దృశ్యం చూపించారు. ఏదో పరాయి దేశం. పచ్చగా కోసిన గడ్డి. దాని మీద మనిషి పొడవు ఉన్న విమానం సన్నగా ఈలవేస్తూ పరుగెత్తి, నేల విడిచి, రెప్పపాటులో చెట్ల పైకి పోయింది. లోపల మనిషి లేడు. నేల మీద నిలబడ్డ ఒకాయన చేతిలో చిన్న పెట్టె పట్టుకుని దానిని నడుపుతున్నాడు.

హైదరాబాదులో తమకు తెలిసిన ఒకరి వద్ద ఇలాంటి విమానం ఉందని, వేసవి సెలవుల్లో తెచ్చి ఊరి పశువుల బీడులో ఎగరేస్తానని ఆయన మాట ఇచ్చాడని యువకులు చెప్పారు. పంచాయతీ వారు బీడు శుభ్రం చేయించి ఇస్తే చాలునట. చుట్టూ చేరినవారు సంబరపడ్డారు. అంతలో పశువులు కాసే ఒక పెద్దాయన ఫోను చేతిలోకి తీసుకుని, రెండు సార్లు చూసి, ఒకే ప్రశ్న వేశాడు.

"అంతా బాగానే ఉంది గాని అయ్యా, ఇది నిప్పు ఏ పక్కకి కక్కుద్ది?"

యువకుల వద్ద జవాబు లేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

కొలిమే తన తిత్తి ఊదుకున్నట్టు

టర్బైను అన్న మాట మనకు కొత్త కాదు. పాల్వంచలోని కేటీపీఎస్‌లో బొగ్గు మండించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరి జోరుతో రెక్కల చక్రాన్ని తిప్పుతారు. ఆ చక్రమే టర్బైను. అది నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే మన ఇళ్లలో దీపాలు వెలుగుతాయి. బొమ్మ జెట్టులోని టర్బైను చక్రం అరచేతిలో ఇమిడేటంతే. కాని తిరిగేది నిమిషానికి సుమారు లక్షన్నర చుట్లు. అంటే కేటీపీఎస్ టర్బైనుకు 50 రెట్లు వేగం.

ఇంజను చూడడానికి జానెడు పైచిలుకు పొడవున్న స్టీలు డబ్బాలా ఉంటుంది. బరువు కిలో పైచిలుకు. ముందు వైపు ఉన్న చక్రం గాలిని పీల్చి లోపలికి నొక్కుతుంది. నడిమి గదిలో ఆ గాలిలో కిరోసిను మండుతుంది. వేడికి ఉబ్బిన గాలి వెనక దారి వెతుక్కుంటూ టర్బైను చక్రాన్ని తిప్పి బయటపడుతుంది. టర్బైను చక్రం, ముందు చక్రం ఒకే ఇరుసు మీద ఉంటాయి గనుక, ఇది తిరిగితే అదీ తిరుగుతుంది. మరింత గాలి లోపలికి వస్తుంది. కమ్మరి కొలిమికి తిత్తి ఊదే మనిషి కావాలి. ఇక్కడ కొలిమే తన తిత్తి ఊదుకుంటుందన్నమాట. వెనకకు దూసుకుపోయే గాలి విమానాన్ని ముందుకు తోస్తుంది. బుడగ ఊది, మూతి కట్టకుండా వదిలితే అది ఎందుకు పరుగెత్తుతుందో ఇదీ అందుకే పరుగెత్తుతుంది.

కిలో బరువున్న ఇంజను పది కిలోల తోపుడు ఇస్తుంది. అయితే ఆకలి కూడా ఎక్కువే. పూర్తి జోరు మీద నిమిషానికి 350 నుంచి 400 మిల్లీలీటర్ల వరకు ఇంధనం తాగుతుంది. మూడు లీటర్లు పోస్తే ఆట ఏడెనిమిది నిమిషాలే. ఇంధనం శుభ్రంగా వడకట్టిన కిరోసినే. అందులో నూటికి ఐదు పాళ్ల వరకు ప్రత్యేకమైన నూనె కలుపుతారు. ఆ నూనే బేరింగులను కాపాడుతుంది. ఇంజను ఒక్కటే లక్షల రూపాయల ఖరీదు. పాతిక నుంచి యాభై గంటలు నడిచాక దానిని విప్పి బాగు చేయించాలి.

ఇక పెద్దాయన ప్రశ్నకు జవాబు. నిప్పు కక్కేది వెనక్కి. తోక గొట్టం నుంచి వచ్చే గాలి వేడి 600 నుంచి 700 డిగ్రీల సెంటీగ్రేడు దాకా ఉంటుంది. మామూలుగా మంట కనిపించదు. కనిపించని వేడి గనుకనే మరింత జాగ్రత్త కావాలి. ఇంజను రాజేసేటప్పుడు లోపల కిరోసిను మిగిలిపోయి ఉంటే, ఒక్కోసారి మంట నాలుకలా బయటికి వస్తుంది కూడా.

మొదటి జెట్టూ గడ్డి మీదే

జెట్టు విమానానికి, గడ్డి నేలకు ఉన్న పేచీ నేటిది కాదు. ప్రపంచంలో మొదటి జెట్టు విమానం హైంకెల్ 178 జర్మనీలో 1939 ఆగస్టు 27న ఎగిరింది. దాని ఇంజను హాన్స్ ఫాన్ ఓహైన్ రూపొందించినది. అదే కాలంలో ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ అనే వైమానిక దళ అధికారి మరో జెట్టు ఇంజను తయారు చేశాడు. ఆ ఇంజను అమర్చిన గ్లాస్టర్ విమానాన్ని 1941 ఏప్రిల్‌లో మొదట గడ్డి మైదానం మీదే నడిపి చూశారు. ఏప్రిల్ 8న అది ఆ గడ్డి మీద చిన్న చిన్న గంతులు వేసింది. అసలు ప్రయాణం మాత్రం మే 15న, క్రాన్‌వెల్ అనే చోట జరిగింది.

ఆ పెద్ద ఇంజను చిన్న బొమ్మలోకి రావడానికి 40 ఏళ్లు పైగా పట్టింది. 1983లో ఇంగ్లండుకు చెందిన జెర్రీ జాక్‌మన్, ఆయన మిత్రులు గ్యాసుతో నడిచే చిన్న టర్బైనుతో బొమ్మ విమానాన్ని ఎగరేశారు. తర్వాత జర్మనీకి చెందిన కుర్ట్ ష్రెక్లింగ్ చేసిన పని మన పల్లె వడ్రంగులు వింటే ముచ్చటపడతారు. ఆయన ఇంట్లో, చిన్న పనిముట్లతో ఒక ఇంజను చేశాడు. అందులో గాలి నొక్కే చక్రం చెక్కతో చేసినది! పల్చని చెక్క పలకలు అతికించి, కార్బను నారతో బిగించి, ఆ చక్రం అంత వేగంలో పగలకుండా నిలబెట్టాడు. తన పద్ధతిని దాచుకోకుండా పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకం చూసి ఎన్నో దేశాల్లో ఔత్సాహికులు ఇంజన్లు కట్టుకున్నారు. తర్వాత కర్మాగారాలు వెలిశాయి. ఇప్పుడు మీట నొక్కితే చాలు, చిన్న కంప్యూటరే వేడిని, చుట్లను లెక్క చూసుకుంటూ ఇంజనును రాజేస్తుంది. 2017లో జర్మనీలో ఇలాంటి బొమ్మ జెట్టు ఒకటి గంటకు 749 కిలోమీటర్ల వేగం అందుకుంది.

బొమ్మ అని పిలుస్తున్నాము గాని, ఇది పిల్లలు ఆడుకునే బొమ్మ కాదని ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

గడ్డి సంగతి రైతుకే తెలుసు

సిమెంటు రన్‌వే ఉంటే బొమ్మ జెట్టుకు నేల మీద చిక్కు తక్కువ. కాని అలాంటి రన్‌వే ఎందరికి దొరుకుతుంది? అందుకే చాలా దేశాల్లో ఔత్సాహికులు గడ్డి నేలల మీదే ఎగరేస్తారు. అక్కడ వచ్చే చిక్కులు వింటే, ఇవన్నీ మన రైతు రోజూ చూసే విషయాలే అనిపిస్తుంది.

మొదటిది, గడ్డి చక్రాన్ని పట్టేస్తుంది. పంకా ఉన్న విమానంలో పంకా విసిరే గాలి తోక మీద తగులుతుంది. కాబట్టి నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా తోక మాట వింటుంది. జెట్టులో ఆ సదుపాయం లేదు. పరుగు బాగా అందుకునే దాకా తోక మాట వినదు. ఆ పరుగునే గడ్డి అడ్డుకుంటుంది. అందువల్ల గడ్డిని వేలెడు ఎత్తు కంటే తక్కువగా కోయాలి. విమానానికి పెద్ద చక్రాలు, ఊగే స్ప్రింగు కాళ్లు పెట్టాలి. నున్నగా కోసిన గడ్డి మీదనైనా నూరు గజాలు దాటే పరుగు, రెండు కొసలా చెట్లు లేని ఖాళీ ఉండాలి. ఫర్లాంగు పొడవున్న బీడు దొరికితే భాగ్యమే.

రెండవది, నేల. రేగడి నేల వానలో జిగురు, ఎండలో నెర్రెలు. నెర్రెలో చిన్న చక్రం ఇరుక్కుంటే విమానం కాలు విరుగుతుంది. దీనికి ఎర్ర చల్క మేలు. కాని చల్కలో చిన్న రాళ్లు పైకి తేలుతుంటాయి. రాయి, ఇసుక, ఎండు గడ్డిపరక ఏది ఇంజను నోట్లో పడినా లక్షన్నర చుట్ల వేగంలో రెక్కలు చెడతాయి. కొందరు నోటికి సన్నని జల్లెడ కడతారు. ముందు చక్రం లేపే దుమ్ము లోపలికి పోకుండా గాలి దారులను పైకి పెట్టుకుంటారు. దూడ గిట్టల గుంతలు, చెద పుట్టలు, పల్లేరు ముళ్లు కూడా శత్రువులే. పల్లేరు ముల్లు సైకిలు ట్యూబునే వదలదు, బొమ్మ చక్రాన్ని వదులుతుందా?

మూడవది, గడ్డి జాతి. వేడి దేశాల్లో ఆట మైదానాలకు, గడ్డి రన్‌వేలకు ఎక్కువగా వాడే గడ్డి ఏదంటే మన గరికే! వినాయక చవితికి మనం కోసుకువచ్చే గరిక నేలను పట్టుకుని అల్లుకుంటుంది. తొక్కినా, కోసినా మళ్లీ చిగురిస్తుంది. వేర్ల అల్లిక వల్ల మట్టి లేవదు. తుంగ, దర్భ, చీపురు గడ్డి మొదళ్లు కుచ్చులుగా నిలబడతాయి గనుక అవి పనికిరావు. వయ్యారిభామను వేర్లతో పీకవలసిందే.

నాలుగవది, నేలను సిద్ధం చేయడం. ఇది మనకు చెప్పాలా? కల్లం చేసుకునేటప్పుడు నేల చెక్కి, నీళ్లు చల్లి, పదును చూసి, రాతి గుండు దొర్లించి అణచడం మన తాతల నాటి విద్య. తడి ఎక్కువైతే గుండుకు మట్టి అంటుతుంది. తక్కువైతే నేల అణగదు. గడ్డి రన్‌వే చేసేవారు ఏ దేశంలోనైనా చూసేది ఆ పదునే.

ఐదవది, గాలి. విమానం ఎదురు గాలికే లేవాలి, ఎదురు గాలికే దిగాలి. తూర్పారపట్టే మనిషికి ఏ పూట ఏ దిక్కు గాలి వస్తుందో ఎవరూ చెప్పనక్కరలేదు. జెట్టును దింపేటప్పుడు మరో చిక్కు ఉంది. వేగం తగ్గించి దింపుతుండగా నేల సరిగా లేదని మళ్లీ పైకి లేపాలనుకుంటే, ఇంజను పూర్తి జోరు అందుకోవడానికి కొన్ని సెకండ్లు పడుతుంది. ఆ కొన్ని సెకండ్లలో విమానం బీడు దాటి పోతుంది. అందుకే నేల సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఇంజను కొనడానికి డబ్బు కావాలి. నడపడానికి ఏళ్ల తరబడి అభ్యాసం కావాలి. నేలను చూసి మంచి చెడ్డలు చెప్పడానికి మాత్రం పశువుల కాపరి కావాలి. పట్నం నుంచి వచ్చే మనిషి మొదట మాట్లాడవలసింది మన పెద్దాయనతోనే.

కాలిపోయిన గడ్డివాము

ఇక నిప్పు సంగతి. ఇక్కడ ఈ విలేకరి తన సొంత కథ ఒకటి చెప్పుకోక తప్పదు.

నాకు పన్నెండేళ్లప్పుడు దీపావళి ముగిసిన మర్నాడు, మిగిలిన ఒక తారాజువ్వను పట్టపగలు ఇంటి వెనక సీసాలో పెట్టి వెలిగించాను. అది ఆకాశానికి పోలేదు. సీసా పక్కకు ఒరగడంతో నేల బారున పోయి మా మేనమామ గడ్డివాములో దూరింది. ఊరంతా బిందెలు పట్టుకుని వచ్చింది. ఇళ్లు దక్కాయి, వాము దక్కలేదు. దెబ్బలు పడతాయని నేను చింతచెట్టు చాటున దాక్కున్నాను. మామ వచ్చి చెయ్యి పట్టుకుని నన్ను బయటికి లాగి, కొట్టకుండా ఒకే మాట అన్నాడు.

"అల్లుడా, కాలింది గడ్డి కాదురా. ఎడ్ల నోటికాడి కూడు."

ఆ ఏడాది మామ పొరుగూరి నుంచి గడ్డి కొన్నాడు. వేసవి చివరలో అదీ కొనలేక ఒక ఎద్దును అమ్మాడు. ఆ ఎద్దు సంతకు పోతూ వెనక్కి తిరిగి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. అందుకే యువకుల ఉత్సాహం చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో, పెద్దాయన ప్రశ్న విని అంత భయమూ వేసింది.

మన వైపు వేసవి ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. కొత్తగూడెం ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఇప్పపూలు రాలే కాలం, తునికాకు కోసే కాలం అదే. అడవిలో ఎండుటాకు మోకాలి లోతు ఉంటుంది. చెట్ల కింద ఆకు తగలబెట్టే పాత అలవాటు వల్ల ఏటా ఎక్కడో ఒకచోట నిప్పు అంటుకుంటూనే ఉంది. అలాంటి రోజుల్లో మూడు లీటర్ల కిరోసినుతో, వందల డిగ్రీల వేడి ఇంజనుతో ఎగురుతున్న వస్తువు మాట వినక అడవిలో పడితే ఏమవుతుందో ఊహించవచ్చు. కూలిన జెట్టు వల్ల గడ్డి అంటుకోవడం ఇతర దేశాల్లో అనుభవమే. అమెరికాలో ఈ విమానాలు ఎగరేసేవారి సంఘం, టర్బైను నడపాలంటే ప్రత్యేక అర్హత ఉండాలని, అగ్నిమాపక సాధనం దగ్గర ఉండాలని నియమం పెట్టుకుంది.

ఎండ వల్ల మరో ఇబ్బంది కూడా ఉంది. వేడి గాలి పల్చన. పల్చని గాలిలో ఇంజను తోపుడూ తగ్గుతుంది, రెక్కల బలమూ తగ్గుతుంది. అంటే పరుగు మరింత పొడవు కావాలి. నిప్పు కోసం చూసినా, ఎగరడం కోసం చూసినా మన వేసవి ఈ ఆటకు కాలం కాదు.

మరి ఏది కాలం? వానలు వెనకబట్టి, గరిక పచ్చగా ఉండి, నేల గట్టిపడే కార్తీకం నుంచి పుష్యం దాకా. పొద్దున మంచు విడిచాక, గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు. అప్పుడైనా ఈ జాగ్రత్తలు తప్పవు: ఇంజనును గడ్డి మీద కాకుండా చెక్కిన మట్టి నేల మీద రాజేయాలి. తోక వెనక మనిషి గాని పశువు గాని ఉండరాదు. ఇంజను మంటకు కార్బన్ డయాక్సైడు సిలిండరు, గడ్డి మంటకు నీళ్ల డ్రమ్ములు, పచ్చి కొమ్మలు, నలుగురు మనుషులు సిద్ధంగా ఉండాలి. దిగిన వెంటనే ఇంజను దగ్గర చేతులు పెట్టరాదు. అది కాసేపు తనలో గాలి తిప్పుకుని తానే చల్లారుతుంది. ఎగిరే దారి కింద ఇల్లు, వాము, అడవి ఏదీ ఉండరాదు. రేడియో సంకేతం తెగిపోతే ఇంజను ఆగిపోయే ఏర్పాటు ముందే చేసి, అందరి ముందు పరీక్షించి చూపాలి.

చట్టం ఏమంటుంది?

2021 ఆగస్టు 25న కేంద్ర ప్రభుత్వం డ్రోన్ నిబంధనలు తెచ్చింది. మనిషి లేకుండా ఎగిరే వాటికి ఇవి వర్తిస్తాయి. 25 కిలోలు మించకుండా, చదువు, పరిశోధన, వినోదం వంటి పనులకు మాత్రమే వాడుతూ, కంటికి కనిపించేంత దూరంలోనే నడిపే నమూనా విమానాలను ఈ నిబంధనలు విడిగా గుర్తించాయి. వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కరలేదు. అంతమాత్రాన ఎక్కడపడితే అక్కడ ఎగరేయవచ్చని కాదు.

దేశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలుగా విభజించి మ్యాపు పెట్టారు. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. ఎరుపులో కేంద్రం అనుమతి కావాలి. అశ్వాపురంలో భారజల కర్మాగారం, పాల్వంచలో విద్యుత్ కేంద్రం, కిన్నెరసాని అభయారణ్యం, పక్కనే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఉన్న జిల్లా మనది. మన బీడు ఏ రంగులో ఉందో మ్యాపు చూడకుండా ఎవరూ చెప్పరాదు. 2 కిలోల లోపు వాటిని వ్యాపారం కోసం కాకుండా నడిపేవారికి పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. జెట్టు అంతకంటే బరువైనది గనుక ఆ మినహాయింపు దానికీ ఉందని అనుకోరాదు. నిబంధనలు మారుతుంటాయి. కాబట్టి తెచ్చే మనిషే కాగితాలన్నీ ముందుగా పోలీసులకు, పంచాయతీకి చూపడం మంచిది. రిజర్వు అడవిలో నిప్పు రేగితే అటవీ చట్టం ఊరుకోదు. ఆటకని తెచ్చాము అంటే వినేవారుండరు.

ముందు రెక్క, తర్వాత నిప్పు

అయితే మన పిల్లలకు ఈ కోరిక తగదా? తగదని ఈ విలేకరి అనడం లేదు. తప్పకుండా తగును. కాని మెట్లు ఉన్నాయి. జెట్టు ఎగరేసేవారెవరూ జెట్టుతో మొదలుపెట్టినవారు కారు. మొదటి మెట్టు చేత్తో విసిరే గ్లైడరు. తేలికైన బాల్సా చెక్కతోనో, థర్మకోలుతోనో రూపాయల్లో అయిపోతుంది. ముక్కు బరువు ఎంత ఉండాలి, రెక్క ఎంత వంపు ఉండాలి అన్నది అక్కడే తెలుస్తుంది. గాలిపటానికి సూత్రం కట్టడం తెలిసిన కుర్రవాడికి సగం విద్య వచ్చినట్టే. తర్వాత రబ్బరు మెలితో తిరిగే పంకా. ఆ తర్వాత బ్యాటరీతో నడిచే చిన్న రేడియో విమానం. ఇవేవీ నిప్పు కక్కవు.

ఎన్‌సీసీ వైమానిక విభాగంలో నమూనా విమానాల తయారీ శిక్షణలో ఒక భాగం. ఆ విభాగపు అఖిల భారత వాయు సైనిక్ శిబిరంలో దానికి పోటీలు కూడా జరుగుతాయి. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ మన రాష్ట్రంలోనే ఉంది. చిన్న టర్బైను ఆటకే పరిమితం కాలేదనడానికి మరో సాక్ష్యం మన దేశంలోనే ఉంది. క్షిపణులను పరీక్షించేటప్పుడు గురిగా ఎగరేయడానికి డీఆర్‌డీఓ 'అభ్యాస్' అనే మనిషి లేని విమానం తయారుచేసింది. 2019 మే 13న ఒడిశాలోని చాందీపూర్‌లో దానిని పరీక్షించారు. దానిని నడిపినది చిన్న గ్యాస్ టర్బైను ఇంజనే. గ్లైడరు ముక్కుకు మట్టి ముద్ద అంటించి బరువు సరిచూసే కుర్రవాడు రేపు అలాంటి పనిలో చేరడని ఎవరనగలరు?

ఈ మెట్లలో మొదటి రెండు మెట్లు మన జిల్లా పరిషత్ పాఠశాలల్లో, గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో పెద్ద ఖర్చు లేకుండా నేర్పవచ్చు. సైన్సు ఉపాధ్యాయులు, విద్యాశాఖ, ఐటీడీఏ అధికారులు ఈ విషయం ఆలోచించాలని పలువురు తల్లిదండ్రులు కోరుతున్నారు.

బీడు పెత్తనం పెద్దాయనకే

ఈ సంగతులన్నీ కాగితం మీద రాసుకుని ఈ విలేకరి మళ్లీ ఆ పల్లెకు వెళ్లాడు. యువకులు మొదట చిన్నబుచ్చుకున్నారు. వేసవిలో వద్దంటే ఇక ఎప్పటికీ వద్దన్నట్టే అనుకున్నారు. తోక గొట్టం వేడి 700 డిగ్రీలని వినగానే పెద్దాయన మాత్రం తల ఊపి, "అట్టా చెప్పండి మరి" అన్నాడు. తర్వాత తానే వారిని వెంటబెట్టుకుని బీడు చూపడానికి బయలుదేరాడు.

దారి పొడుగునా ఆయన చెబుతూ ఉన్నాడు. ఇటు రేగడి, పనికిరాదు. అటు చల్క, గరిక బాగా పట్టింది. ఆ చెద పుట్టల్లో పాములుంటాయి, వాటి జోలికి పోవద్దు, రన్‌వేనే పక్కకు జరుపుకోండి. కార్తీకంలో పైరగాలి ఈ మూల నుంచి వస్తుంది, కాబట్టి మీ విమానం ముఖం ఈ మూలకు ఉండాలి. ఒక కుర్రవాడు ఫోనులో గజాలు లెక్కపెట్టబోతే ఆయన తన అడుగులతో కొలిచి చూపాడు. రెండు లెక్కల మధ్య తేడా నాలుగు గజాలే.

చివరకు అక్కడే ఒప్పందం కుదిరింది. వేసవిలో జెట్టు లేదు. తొలకరి తర్వాత యువకులు వయ్యారిభామ పీకి, రాళ్లు ఏరాలి. వానలు వెనకబట్టాక పదును చూసి గుండు దొర్లించాలి. ఆ పదును ఎప్పుడన్నది పెద్దాయనే చెబుతాడు. ఈలోగా పిల్లలతో గ్లైడర్లు చేయించాలి. కార్తీకంలో కాగితాలు సరిగా ఉంటే, నీళ్ల డ్రమ్ములు నిండి ఉంటే, అప్పుడు పట్నం మనిషిని పిలవాలి. ఆ రోజు పశువులను ఏ పక్కకు తోలాలో, జనం ఎక్కడ నిలబడాలో కూడా పెద్దాయన చెప్పినట్టే.

వెనక్కి వస్తుండగా ఒక కుర్రవాడు ఆయనను అడిగాడు.

"తాతా, అది ఎగిరితే నువ్వు చూస్తావా?"

"నేను దాన్ని చూడనురా" అన్నాడాయన. "అది పోయిన దారిలో గడ్డిని చూస్తా. మీరంతా పైకి చూస్తుంటే కింద చూసేవాడు ఒకడుండాలి గదా."